అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి

“నీళ్ళకాడికి మాత్రం పిల్లని పంపొద్దయ్యా. నా మనసు కీడు శంకిస్తాంది.”

నేను ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. మా ఆయన కోటి మార్కాపురం పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, తలలో రాతి దుమ్ము దులుపుకుంటూ వసారాలో కూర్చున్నాడు.

“ఏ నీళ్ళే? కుళాయిలో చుక్క పడి వారమాయె. ట్యాంకరు రాకపాయె. మునిగేదానికి ఈ ఊర్లో నీళ్ళు యాడున్నాయి?”

“బాప్తిస్మాలకి. ఆడోళ్ళని తొట్టిలోకి దింపి పట్టుకునేదానికి ఉమని నిలబెడతారంట. మహేష్ చెప్పినాడంట.”

“ఎప్పుడో మే నెలలో అయ్యేదానికి ఇప్పుడే ఏడుపు మొదలుపెట్టినావా? నీకు పొద్దున లేస్తే చావు, పండుకుంటే చావు. కొంచేపు బతకనియ్యే నన్ను.”

లోపల మా పిల్ల ఉమ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని కూడా నాకు ధైర్యం రాలేదు. ఉమకి బళ్ళో చదివే రోజుల నుంచి మూర్ఛ. డాక్టరు రాసిన మాత్రలు పూట తప్పకుండా వేసుకుంటుంటే రెండేళ్ళుగా రాలేదు. రాకపోయినా నీళ్ళకాడా, పొయ్యికాడా జాగ్రత్త అని ఆ డాక్టరు చెప్పిన మాట నా చెవిలోంచి ఎప్పుడూ పోలేదు. అన్నం వార్చనిచ్చేదాన్ని కాదు. బావి వైపు పోనిచ్చేదాన్ని కాదు. పిల్లకి ఇరవై దాటాయి, నా చూపు మాత్రం ఇంకా దాని కాళ్ళ వెంటే తిరిగేది.

మా సంఘం చిన్నది. గిద్దలూరు రోడ్డు పక్కన రేకుల మందిరం. మా పాస్టరు జ్ఞానయ్య అయ్యగారు మా ఊరు ఒక్కటే కాదు, అడవి వైపు పల్లెల్లో సంఘాలు కూడా చూసుకునేవారు. ఆయన మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి. అందుకని ఈ ఎండాకాలం దాటకముందే ఆయన తర్వాత మనిషిని నిలబెట్టాలని పెద్దలు పట్టుబట్టారు. ఆ మనిషి మహేష్. ఆటో తోలే పిల్లవాడు. గొంతు తేనె. మైకు అందుకున్నాడంటే రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా బండ్లు ఆపి వినేవారు. అంతకు మించి వాడికి ఎవరూ ఏమీ నేర్పలేదు. జబ్బుతో ఉన్నవాళ్ళ ఇంటికి పోతే ఎంతసేపు కూర్చోవాలి, ఏం అడగాలి, ఏం అనకూడదు, ఇవన్నీ అయ్యగారి వెనక తిరిగి నేర్చుకోవలసినవి. ఆ అయ్యగారేమో మందిరానికి తప్ప గుమ్మం దాటడం మానేశారు.

ఎవరినైనా సేవకు నిలబెట్టేముందు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మూడు ఆదివారాలు ఆ మనిషి పేరు చదివి, “అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి” అని అయ్యగారు అడుగుతారు. అడిగి కళ్ళు మూసుకుని ఆగుతారు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన తర్వాత ఎవరూ నోరు తెరిచింది లేదు. ఆ కాసేపట్లో ఆడవాళ్ళం ఒళ్ళో పిల్లల్ని సర్దుకునేవాళ్ళం. మగవాళ్ళు గొంతు సవరించుకునేవాళ్ళు. అయినా అయ్యగారు అడిగేది మగవాళ్ళ చాపల వైపు తిరిగే.

ఈస్టరు అయిపోయాక ఉజ్జీవ కూటాలు పెట్టారు. రోడ్డు పక్కన పందిరి, సీరియల్ లైట్లు, చుట్టుపక్కల ఊర్ల నుంచి ఆటోల్లో జనం. సాయంత్రం ఎండ ఇంకా దిగలేదు. మహేష్ మైకులో, “మన ఉమ సిస్టర్ సాక్ష్యం చెప్తాది” అన్నాడు. నాకు ముందుగా తెలియదు. ఉమ లేచి, చున్నీ తల మీదికి లాక్కుని, ముందుకు పోయింది. పిల్లలకి సెలవుల్లో పాటలు నేర్పే పిల్ల గదా, బెరుకు లేదు.

“నాకు చిన్నప్పటి నుంచి మూర్ఛ రోగం. రెండేళ్ళయింది రాక. దేవునికి స్తోత్రం. డాక్టరుగారు ఇచ్చిన మాత్రలు కూడా...”

మహేష్ మెత్తగా మైకు అందుకున్నాడు. లాక్కున్నట్టు కాదు. పాటలో ఒకరి గొంతు నుంచి ఇంకొకరు అందుకున్నట్టే.

“రెండేళ్ళు! వింటున్నారా? రెండేళ్ళు! గట్టిగా స్తోత్రం చెప్పండి!”

పందిరి అదిరిపోయింది. ఉమ నోరు సగం తెరిచి అట్లాగే నిలబడి, తర్వాత తనూ చప్పట్లు కొట్టింది. పక్కన కూర్చున్న ఆమె నా చెయ్యి నొక్కి, “నీ కడుపు పండింది శ్రీశైలమ్మా” అంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

మర్నాటి నుంచి మా గుమ్మం ఖాళీ లేదు. పొదిలి నుంచి ఒక తల్లి మూర్ఛ ఉన్న కొడుకును తీసుకొచ్చి, ఉమ చేత తల మీద చెయ్యి పెట్టించుకుంది. నడుం నొప్పులవాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు, అందరూ ఉమ చేతులు పట్టుకుని ఏడ్చేవారు. ఒకరోజు వాళ్ళు పోయాక లోపలికి పోయి చూస్తే మాత్రల అట్ట కొన్న రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

“ఏందే ఇది? మాత్ర వేసుకోలేదా?”

“అమ్మా, మెల్లగా. బయట ఎవరన్నా ఉంటారు.”

“మెల్లగా ఏందే? మాత్ర మింగేదానికి కూడా, దొంగసారా తాగినట్టు తలుపేసుకోవాల్నా?”

“సాక్ష్యం చెప్పినాక మాత్ర మింగితే నేను అబద్ధం చెప్పినట్టే గదా.”

“నువ్వు అబద్ధం చెప్పలా. నీ నోట్లో మాట వాడు తీసుకున్నాడు.”

“తీసుకున్నాక నేను సరిచెయ్యలా గదమ్మా. నేనూ చప్పట్లు కొడితి.” ఉమ కిటికీ వైపు తిరిగింది. “పొదిలామె కొడుకు నా మొకం చూస్తాంటే చూసినావా? వాడికేం చెప్పాల? నాక్కూడా మాత్రలతోనే తగ్గిందని చెప్పాల్నా?”

“చెప్పు. అదే చెప్పు.”

“నీకు విశ్వాసం లేదమ్మా. నీకు భయం తప్ప ఏం లేదు.”

అది నిజమే. అయినా ఆ భయమే ఇన్నేళ్ళూ పిల్లకి పూటపూటకీ మాత్ర వేసింది.

నేను అయ్యగారింటికి పోయాను. అరుగు మీద అమ్మగారు చింతపండు గింజలు కొడుతున్నారు. అయ్యగారు మోకాళ్ళకి వేడి ఉప్పు కాపడం పెట్టుకుంటున్నారు. అంతా విని చాలాసేపు తల ఆడించారు.

“మందు కూడా దేవుడిచ్చిందేనమ్మా. మానొద్దని చెప్పు పిల్లకి.”

“నేను చెప్తే వినదయ్యా. ఈ మాట మీరు మందిరంలో చెప్పండి.”

“చెప్పొచ్చు.” ఆయన ఉప్పు మూట పక్కన పెట్టారు. “ఇప్పుడు చెప్తే మహేష్‌ని పదిమందిలో తీసిపారేసినట్టు అయితాది. వచ్చే వారమే వాడి పేరు చదవాల. నేను వాడితో విడిగా మాట్లాడతాలే.”

అమ్మగారి చేతిలో రాయి ఆగింది. ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మళ్ళీ గింజలు కొట్టడం మొదలుపెట్టారు.

ఆయన మాట్లాడారో లేదో తెలియదు. నేనే బస్టాండు దగ్గర మహేష్ ఆటో ఆపాను.

“నేను మానమని అనలా పెద్దమ్మా,” అన్నాడు. నిజంగానే బెదిరినట్టున్నాడు. “అది సిస్టర్ విశ్వాసం.”

“అయితే వేసుకోమని అను. నీ మాట వింటాది.”

“నేనంటే ఆమె విశ్వాసాన్ని నేనే పడగొట్టినట్టు గాదా? రేపు సేవకు నిలబడేవాణ్ణి.”

“సేవకు నిలబడేవాడివి కాబట్టే అడుగుతున్నా నాయనా.”

వెనక ప్యాసింజర్లు గోల పెట్టారు. వాడు ఆటో కదిలించుకుని పోయాడు.

మొదటి ఆదివారం పేరు చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అన్నారు. నేను చాప మీద నుంచి లేవలేదు. రెండో ఆదివారమూ అంతే. ఈ మధ్యలో ఉమలో చిన్న చిన్న తేడాలు కనబడసాగాయి. తింటూ తింటూ ముద్ద చేతిలోనే పెట్టుకుని గోడ వైపు చూసేది. పిలిస్తే ఉలిక్కిపడేది. ఒకసారి చేతిలో చెంబు జారి కాలి మీద పడినా తెలియలేదు. నేను కోటికి చెప్తే, “నువ్వు అట్ల రెప్పేయకుండా చూస్తాంటే ఎవురికన్నా చెంబు జారతాది” అన్నాడు. కానీ ఆ పూట తనూ అన్నం సగంలో వదిలేసి లేచాడు.

బాప్తిస్మాలేమో, మహేష్ పేరు మూడోసారి చదవాల్సిన ఆదివారానికి ముందు రోజు పెట్టుకున్నారు. వాగు ఎండిపోయింది కాబట్టి వీరాంజనేయులు బత్తాయి తోటలో సిమెంటు తొట్టి అడిగారు. ఆయన మాలో మనిషి కాదు గానీ మంచివాడు. పొద్దున్నే బోరు మోటారు వేసి తొట్టి నింపి, గట్టు మీద నిలబడి, “ఏం జ్ఞానయ్యా, మీ దేవునికి కూడా నా బోరు నీళ్ళే గతాయెనా?” అని నవ్వించాడు. అయ్యగారు చెట్టు కింద కుర్చీలో కూర్చున్నారు. ఆయనకి బదులు మహేష్ నీళ్ళలోకి దిగాడు. ఆడవాళ్ళని పట్టుకోవడానికి ఉమ దిగింది. నేను ఇంటి దగ్గరే కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వినలేదు. తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు దాని రొమ్ముల దాకా ఉన్నాయి.

ఒక్కొక్కరే దిగారు, మునిగారు, తడి చీరలతో ఎక్కారు. చివరగా పామూరు నుంచి వచ్చిన కొత్త కోడలిని మెట్ల దగ్గరికి పంపించి ఉమ ఒక్కతే నీళ్ళ మధ్యలో నిలబడింది. నా వైపే చూస్తోంది. కానీ నన్ను చూడడం లేదు.

దాని చెయ్యి నీళ్ళ మీద టపటపా కొట్టుకుంది.

“ఆత్మ దిగింది!” అని ఎవరో అరిచారు. కంజరి మోగింది. పాట అందుకున్నారు. చప్పట్లు హోరెత్తాయి. ఆత్మ దిగినప్పుడు మావాళ్ళు వణుకుతారు, ఊగుతారు. అది అందరూ చూసిందే. మహేష్ నీళ్ళు తోసుకుంటూ వచ్చి, పాడుతూనే, ఉమ తల మీద చెయ్యి పెట్టాడు.

“మూర్ఛ! అది మూర్ఛ!” అని నేను గొంతు పగిలేట్టు అరిచాను. పక్కనున్న ఆమె నా భుజాలు పట్టుకుని, “స్తోత్రం! స్తోత్రం!” అని నాతో పాటు ఏడ్చింది. నాకూ ఆత్మ దిగిందనుకుంది.

మహేష్ చెయ్యి కిందికి పోతోంది. దాని కింద తల కనబడడం లేదు. జడ ఒక్కటే నీళ్ళ మీద తేలుతోంది.

నేను దూకాను. చీర కాళ్ళకి చుట్టుకుంది. జడ చేతికి దొరికింది. అటు నుంచి వీరాంజనేయులు చెప్పులతోనే దూకాడు, వెనకే కోటి. గట్టు మీదికి ఎత్తుకునేటప్పుడు కూడా దూరాన చెట్ల కింద ఉన్నవాళ్ళు పాడుతూనే ఉన్నారు. వాళ్ళకి తెలియదు.

పిల్ల బతికింది. మార్కాపురం ఆసుపత్రిలో నీళ్ళు కక్కించారు, ఊపిరికి గొట్టం పెట్టారు. “మాత్రలు ఎప్పుడు మానేసింది?” అని డాక్టరు అడిగితే, కూటాలప్పటి నుంచి అని నేనే చెప్పాను. తన ఆటోలో మమ్మల్ని తీసుకొచ్చింది మహేషే. ఆసుపత్రి వరండాలో మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. కొబ్బరి బోండాం తెచ్చి నా పక్కన పెట్టాడు. నేను తాగలేదు.

“అది మూర్ఛని నీకు తెలీలేదా నాయనా? తల మీద చెయ్యి నీదే గదా.”

వాడు బోండాం నా వైపు ఇంకొంచెం జరిపాడు. లేచి బయటికి వెళ్ళాడు. ఆ తర్వాత మా ఇంటి వైపు రాలేదు.

ఆ ఆదివారం పేరు చదవడం వాయిదా పడింది. ఉమ ఇంటికి వచ్చాక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేది. వచ్చిపోయే జనం ఆగిపోయారు. ఎవరో మా విశ్వాసంలో లోపం అన్నారంట. ఇంకెవరో ఏదో పాపం చేసుంటారు అన్నారంట. పొదిలి తల్లి మాత్రం ఫోన్ చేసి, “మా వాడి మందులు మళ్ళీ మొదలుపెట్టినా అక్కా, పాప ఎట్లుంది?” అని అడిగింది. ఆ బిడ్డ కూడా మానేశాడని నాకు అప్పటిదాకా తెలియదు.

ఒక సాయంత్రం వెంకటస్వామి వచ్చాడు. సంఘంలో పెద్ద, ఫ్యాక్టరీలో కోటికి మేస్త్రీ.

“జరిగిందేదో జరిగింది చెల్లెమ్మా. దేవుడు పిల్లని మిగిల్చినాడు. ఊర్లో పదిమందికి మనం నవ్వులాట కాగూడదు. వచ్చే ఆదివారం మహేష్ పేరు మూడోసారి చదువుతారు.”

“చదవనీ అన్నా.”

“చదువుతారులే. నువ్వు మందిరానికి వచ్చేటప్పుడు ఆ నోరు ఇంట్లో పెట్టి రా.” కోటి వైపు చూసి నవ్వాడు. “ఏం కోటీ, నీ భార్యకి చెప్పుకో. పని సరిగ్గా సాగేదానికి మనసు కుదురుగా ఉండాల గదా.”

ఆయన పోయాక కోటి గ్లాసులో మిగిలిన టీ వాకిట్లో పారబోశాడు.

అయ్యగారు కూడా వచ్చారు. ఇద్దరు పట్టుకుంటే తప్ప నడవలేని మనిషి, ఎండన పడి వచ్చి ఉమ మంచం పక్కన కూర్చున్నారు. ప్రార్థన మొదలుపెడతారేమో అనుకున్నాను. పెట్టలేదు.

“పొద్దున ఏం తిన్నావు తల్లీ?”

“జావ,” అంది ఉమ గోడ వైపు చూస్తూనే.

“ఉప్పేసిందా మీ అమ్మ?”

ఉమ ఇటు తిరిగింది. ఎన్నాళ్ళకో. “ఎక్కువేసింది తాతా. భయంతో వేస్తాది.”

ఆయన నవ్వి, అట్లాగే చాలాసేపు కూర్చున్నారు. లేచేటప్పుడు గడప దగ్గర నాతో అన్నారు: “మంచాన ఉన్న మనిషి దగ్గర ఎట్ల కూర్చోవాలో వాడికి నేర్పలేదమ్మా. పాడుతున్నాడు గదా, అదే చాలనుకున్నా. నువ్వు నా గుమ్మంలోకి వచ్చి చెప్పినావు. అప్పుడూ నా పరువు, వాడి పరువు చూసుకున్నా.”

“అయితే ఆపేయండయ్యా.”

“నేనొక్కణ్ణి ఆపితే, నేనొక్కణ్ణి నిలబెట్టినట్టే అయితాది. సంఘాన్నే అడుగుతా. ఈసారి మీ వైపు తిరిగి అడుగుతా. నోరిప్పేది మాత్రం మీరే.”

ఆ వారమంతా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. నోరిప్పితే కోటి పని పోతుంది. రేపు మాలో ఎవరు పోయినా సమాధుల దొడ్డిలో చోటుకి కూడా వెంకటస్వామి ముందే నిలబడాలి. ఇప్పకపోతే, ఇంకెవరి పిల్ల తల మీదో ఆ చెయ్యి పడుతుంది.

ఆదివారం మేఘం పట్టింది. వాన మాత్రం లేదు, ఊపిరాడని ఉక్క. ఉమ నాతో పాటే వచ్చింది. మందిరం గుమ్మంలో అందరూ చూస్తుండగా కుండలో నీళ్ళు ముంచుకుని మాత్ర వేసుకుంది. ఎవరూ పలకరించలేదు. అమ్మగారు మాత్రం జరిగి పక్కన చాప మీద చోటిచ్చారు. మహేష్ ముందు వరసలో కంజరి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు పాటలు పాడింది వాడే, కానీ గొంతులో తేనె లేదు.

అయ్యగారు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. మహేష్ పేరు చదివారు. మగవాళ్ళ వైపు చూసి, “అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి” అన్నారు. వెంకటస్వామి దగ్గాడు. అయ్యగారు మెల్లగా, కుర్చీని కూడా జరుపుకుంటూ, మా వైపు తిరిగారు.

“అమ్మలారా. మిమ్మల్నే అడుగుతున్నా. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి.”

ఈసారి కళ్ళు మూసుకోలేదు.

ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు తల దాచుకున్నారు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. రోడ్డు మీద గిద్దలూరు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను లేచి నిలబడ్డాను. అందరూ చూస్తున్నారు. వెంకటస్వామి కోటిని చూస్తున్నాడు. కోటి తల వంచుకోలేదు, నన్నే చూస్తున్నాడు. ఎన్ని రాత్రులు కూడబెట్టుకున్న మాటలో, ఒక్కటీ పైకి రావడం లేదు. ఉమ కూర్చున్నచోటి నుంచే నా కొంగు పట్టుకుంది.

అయ్యగారు ఆగారు. ఆయన ఇంకా ఆగారు.

“నాకుంది అయ్యగారూ.”

ముందు వరస నుంచి. మహేష్.

“నీకేందిరా?” అన్నాడు వెంకటస్వామి. “అడిగేది నీ గురించే.”

మహేష్ కంజరి చాప మీద పెట్టి లేచాడు. అయ్యగారి వైపు కాదు, వెంకటస్వామి వైపు కాదు, వెనక్కి, మా చాపల వైపు తిరిగాడు.

“తెలిసింది పెద్దమ్మా,” అన్నాడు. “చెయ్యి పెట్టంగానే తెలిసింది. అందరూ పాడతాన్నారు. పాట ఎట్ల ఆపాలో నాకు తెలీలేదు.”